‘చీటీ’: చేతిరాత తెలుగు ఫాంటు తయారీ డైరీ (బెంగళూరు)

లక్ష్యం

కిరాణా చీటీ మీదో, ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం మీదో కనిపించే మామూలు రాతను ఫాంటుగా దించడం. పెళ్లిపత్రికల వయ్యారపు రాత కాదు, పాళీతో లావు సన్నాలు చూపించే రాతా కాదు. పాళీ తీరు కావాలంటే వైష్ణవి మూర్తి, హువాన్ లూయిస్ బ్లాంకో చేసిన ‘అకాయ తెలివిగల’ ఇప్పటికే గూగుల్ ఫాంట్స్‌లో ఉంది. శీర్షికలకు దిట్టంగా కావాలంటే ‘రామభద్ర’ ఉంది. దేవనాగరిలో ‘కలం’, ‘దెక్కో’ చేసే పనిని తెలుగులో చేయగల ఫాంటు మాకు కావాలి. గీత అంతటా ఒకే మందంగా ఉండాలి, కొసలు గుండ్రంగా ఉండాలి, అక్షరాలు విడివిడిగా ఉండాలి, పది నిమిషాలు చదివినా కళ్లు లాగకూడదు.

వాడకం ముందే అనుకున్నాం: మెస్సు మెనూలు, పచ్చడి సీసాల లేబుళ్లు, పిల్లల వాచకాల్లో మాటల బుడగలు, బడి గోడ చార్టులు, దుకాణం బోర్డులు. కొలతలన్నీ వీటిని బట్టే తేలాయి. గీసేదంతా వెయ్యి యూనిట్ల చదరం మీద; అంటే ఫాంటు సైజును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక యూనిట్.

కలం, కాగితం, స్కాను

మూలం రాతకు 0.8 మి.మీ. మొన ఉన్న ఫెల్ట్ పెన్ను, 100 జీఎస్ఎం నున్నని కాగితం. మామూలు 70 జీఎస్ఎం జిరాక్స్ కాగితం మీద సిరా పీచుల వెంట పాకుతుంది, స్కానులో అంచులు నూగుగా కనబడతాయి. బాల్ పెన్ను గీత మధ్యలో తెల్లచారలు వదులుతుంది. జెల్ పెన్ను బాగానే ఉంటుంది కానీ మలుపు దగ్గర చెయ్యి ఆగితే చుక్క దిగుతుంది.

అక్షరం ఎంత పెద్దగా రాయాలన్నది కలం మొనతో ముడిపడి ఉంది. తలకట్టు కాకుండా అక్షరం ఒంటి ఎత్తు ఫాంటులో 520 యూనిట్లు. కాగితం మీద ఒళ్లు 8 మి.మీ. రాస్తే 0.8 మి.మీ. గీత 52 యూనిట్లకు వస్తుంది. అదే మొనతో 12 మి.మీ. రాస్తే గీత 35 దగ్గరే ఆగిపోతుంది, చిన్న సైజులో అక్షరం ఆవిరైపోతుంది. అందుకే 8 మి.మీ. రూళ్ల కాగితం కింద పెట్టి, లైట్ బాక్స్ మీద రాత. చెయ్యి కుదురుకునేదాకా రాసిన మొదటి వరుసలు పక్కన పెట్టాలి. అక్షరమాల వరుసలో రాయకుండా మాటలుగా రాయాలి: ‘మజ్జిగ’, ‘చక్కెర’, ‘వెళ్లొస్తా’, ‘రేపు రండి’. విడిగా ‘క’ రాయమంటే ఎవరైనా రెండో తరగతి కాపీ పుస్తకంలా రాస్తారు.

స్కాను 600 డీపీఐ, గ్రే స్కేలు. 8 మి.మీ. అక్షరం దాదాపు 189 పిక్సెళ్లు వస్తుంది, అది చాలు. 1200 పెడితే కాగితం పీచు కూడా గీతలో చేరుతుంది.

స్కాను బొమ్మను గీతల ఆకారంగా మార్చే పోట్రేస్ ప్రోగ్రాంతో అచ్చు తీయడం మొదటి మెట్టు మాత్రమే. చుక్కల వడపోత 2 నుంచి 20కి, వంపుల సడలింపు 0.2 నుంచి 0.5కి పెంచినా ఒక ‘ఖ’కి అరవై, డెబ్బై బిందువులు వస్తున్నాయి. వాటిని అలాగే వదిలేస్తే ఫైలు బరువెక్కుతుంది, స్టిక్కర్ కోసే యంత్రం ప్రతి బిందువు దగ్గరా తడబడుతుంది. కాబట్టి అచ్చును వెనక పొరలో ఉంచి, ఫాంట్లు గీసే ఫాంట్‌ఫోర్జ్‌లో గీత నడిమిదారిని మాత్రమే పెన్ టూలుతో గీసి, గుండ్రటి మొనతో 52 యూనిట్ల మందానికి ఉబ్బించాం. బిందువులు వంపుల అంచుల్లో, అంటే పైన, కింద, కుడి, ఎడమ కొసల్లో ఉండాలి. ఇలా చేస్తే ‘ఖ’ ముప్పై లోపే ముగుస్తుంది. నడిమిదారులను దాచి ఉంచుకోవాలి. లావు రకం చేయాల్సి వచ్చినప్పుడు వాటినే 72 యూనిట్లకు ఉబ్బించవచ్చు.

ఇక్కడ ఒక ప్రలోభం ఉంది: గీతల్లో వణుకు పెడితే చేతిరాతలా ఉంటుందని. ఉండదు. నిజమైన చేతిరాతలో గీత నున్నగానే ఉంటుంది. మారేది అక్షరం కూర్చునే తీరు, తలకట్టు పడే చోటు.

తలకట్టు

ఈ ఫాంటు బాగోగులు తొంభై పాళ్లు తలకట్టు దగ్గరే తేలతాయి. ళ, ఱ కలుపుకుని 35 హల్లులు. వాటిలో ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ తొమ్మిదింటికి తలకట్టు లేదు. మిగిలిన 26 తలకట్టు మోస్తాయి. ఒకే ఆకారపు తలకట్టును 26 అక్షరాల నెత్తిన అతికిస్తే ఒక్క పేరా చదివేసరికే కంప్యూటరు పని అని తెలిసిపోతుంది, ఎందుకంటే పంక్తి పొడవునా ఒకే టిక్కు గుర్తు ఒకే ఎత్తులో కవాతు చేస్తుంది.

అందుకే తలకట్టు నాలుగు రకాలు గీశాం. పొట్టిగా నిటారుగా ఉన్నది; కుడికి పొడుగ్గా సాగినది; ఒంటిని తాకినది; తాకకుండా 25 యూనిట్ల సందు వదిలినది. ప, ష, స, హ లాంటివాటికి సందు ఉన్నది నప్పుతుంది. గ, ర, ద, ధ లకు తాకినది. సందు 25 కంటే తగ్గితే ముద్రణలో సిరా నిండి మొటిమలా కనబడుతుంది. 40 దాటితే తలకట్టు ఊడిపడ్డట్టు ఉంటుంది.

గుణింతంలో సంగతి వేరు. దీర్ఘం, గుడి, ఎత్వం, ఒత్వం, పొల్లు లాంటి పైగుర్తు రాగానే తలకట్టు తొలగిపోవాలి. అందుకని 26 హల్లులకూ తలకట్టు లేని మొండెం విడిగా ఉంది. క్షతో కలిపి 36 హల్లులకు తొమ్మిది పైగుర్తులు (ా, ి, ీ, ె, ే, ొ, ో, ౌ, ్) వేస్తే 324 ఆకారాలు. వీటిని మొండెం, గుర్తు కలిపి యంత్రంతో పుట్టించి, తర్వాత ఒక్కొక్కటీ చేత్తో దిద్దాలి. ‘గి’, ‘రి’, ‘ది’ల్లో గుడి ఒంటి గీతలోంచే పుట్టాలి, అతికించినట్టుంటే వెంటనే తెలిసిపోతుంది. ‘మొ’, ‘యొ’లకు ఎత్వం, కొమ్ము కలిపే పద్ధతి ఉంది కాబట్టి వాటిని యంత్రానికి వదలకుండా విడిగా గీయాలి.

తలకట్టు పోయాక ప, వ తేడాకు మిగిలేది ఎడమ వైపు వంపు ఒక్కటే. వలో అది మూసుకుంటుంది, పలో తెరుచుకుని ఉంటుంది. తొందర రాతలో అందరం దీన్ని మూసేస్తాం, సందర్భాన్ని బట్టి చదువుకుంటాం. ఫాంటుకు ఆ వెసులుబాటు లేదు. ప నోరు 70 యూనిట్లు తెరిచి ఉంచాం. ర, ఠ మధ్య చుక్క, ద, ధ, థ మధ్య కింది గీత, లోపలి చుక్క కూడా అంతే. చుక్క వ్యాసం గీత మందం కంటే ఎక్కువ, 64 యూనిట్లు. వు, పు, ఫుల్లో కొమ్ము కిందినుంచి మొదలవ్వాలి. పక్కనుంచి మొదలైతే ‘వు’ కాస్తా ‘మ’ అవుతుంది.

ఒత్తుల లోతు

త, న, మ, య, ర, ల, వ ఒత్తులకు తమవైన రూపాలున్నాయి. మిగతావి చాలావరకు తలకట్టు తీసేసి చిన్నవి చేసిన మూలాక్షరాలే. మూలాక్షరాన్ని 55 శాతానికి కుదిస్తే గీత కూడా 29 యూనిట్లకు సన్నబడుతుంది, ఒత్తు వెలిసిపోయినట్టుంటుంది. నడిమిదారిని కుదించి, గీతను 46 యూనిట్లకు ఉబ్బించాలి. నడిమిదారులు దాచుకోమన్నది ఇందుక్కూడా.

పెద్ద చిక్కు రెండు ఒత్తులున్న చోట: రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్యోత్స్న, సామర్థ్యం, ఆర్ద్రత. ఒకదాని కింద ఒకటి పేర్చితే లోతు బాగా పెరుగుతుంది, పంక్తి ఎత్తు (ఫాంటు సైజుకు ఎన్ని రెట్లో) 1.45కి చేరుతుంది. చేత్తో రాసేవాళ్లు అలా పేర్చరు. రెండో ఒత్తును మొదటిదాని కుడి పక్కకు తోస్తారు, క్రావడిని (ర ఒత్తును) ఎడమ నుంచి చుడతారు. ఫాంటులోనూ అదే దారి పట్టాం. ప్రతి హల్లుకు కింద ఒక లంగరు (ఒత్తు తగులుకునే బిందువు), ఎడమ కింద ఇంకో లంగరు. మామూలు ఒత్తులు మొదటిదానికి, క్రావడి రెండోదానికి తగులుకుంటాయి. ఒత్తుకు కుడి భుజం మీద ఇంకో లంగరు పెడితే రెండో ఒత్తు అక్కడ కూర్చుంటుంది. య ఒత్తు మాత్రం కుడివైపు వెడల్పు తీసుకునే విడి గుర్తుగా ఉంది. ఇప్పుడు అన్నిటికంటే లోతైన ఆకారం 395 దగ్గర ఆగింది. ఎగువ హద్దు 830, దిగువ 420. పంక్తి ఎత్తు 1.25.

ఈ 0.2 తేడా ఏం చేస్తుందో బోర్డు లెక్కలో తెలుస్తుంది. కర్ణాటకలో 2024లో సవరించిన చట్టం ప్రకారం దుకాణం బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలి. 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు బోర్డులో కన్నడ పోగా మిగిలేది 244 మి.మీ. ఎత్తు. అందులో తెలుగు, ఇంగ్లిషు చెరి సగం పంచుకుంటే తెలుగు వరుసకు 122 మి.మీ. పంక్తి ఎత్తు 1.25 అయితే అక్షరం ఒళ్లు 51 మి.మీ. వస్తుంది, 1.45 అయితే 44 దగ్గరే ఆగుతుంది. మారతహళ్లి రోడ్డు మీద బండి నడుపుతూ చదివేవాడికి ఆ 7 మి.మీ. అక్కరకొస్తాయి.

విండోస్‌లో ఒక ఉచ్చు: విన్ డిసెంట్ అనే విలువ లోతైన ఆకారం కంటే తక్కువ పెడితే ఒత్తుల అడుగు కత్తిరించినట్టు పోతుంది. ఎగువ, దిగువ హద్దులను ఫాంటులో హెచ్‌హెచ్‌ఈఏ, టైపో, విన్ అనే మూడు చోట్ల రాయాలి; మూడు చోట్లా ఒకే అంకెలు పెట్టి, టైపో కొలతలు వాడమనే సెట్టింగు పెడితే చాలు.

పక్కపక్క అక్షరాల ఒత్తులు గుద్దుకోవడం మిగిలింది: ‘పెద్దమ్మ’, ‘అమ్మమ్మ’, ‘నవ్వొచ్చింది’. ఒత్తుల వెడల్పు సున్నా కాబట్టి పై అక్షరాలు దగ్గరగా ఉంటే కిందివి ఒకదాని మీద ఒకటి పడతాయి. అన్ని చోట్లా ఎడం పెంచితే మాట పళ్లు ఊడిన నోరులా ఉంటుంది. అందుకని ఒత్తు తర్వాతి అక్షరానికి కూడా ఒత్తు ఉంటేనే 40 నుంచి 70 యూనిట్లు జరిపే సందర్భ నియమం, ‘డిస్ట్’ అనే ఫీచరులో (ఫాంటు లోపల రాసుకునే నియమాల కట్టలో) రాశాం.

ఒకే అక్షరం వెంటవెంటనే వస్తే

‘పిల్లలు’, ‘నాన్నను’, ‘కాకి’, ‘మామయ్య’. ఒకే ఆకారం పక్కపక్కనే అచ్చు గుద్దినట్టు వస్తే చేతిరాత భ్రమ చెదిరిపోతుంది. కాబట్టి ఎక్కువగా ఎదురయ్యే ఆకారాలకు మూడేసి రూపాలు గీశాం: ల, లు, న, ను, ని, క, కి, ర, డి, మ, వ, తో. సున్నకు మాత్రం నాలుగు, ఎందుకంటే తెలుగులో సున్న లేని పంక్తి అరుదు, గుండ్రటి గుర్తు కాబట్టి తేడా లేకపోతే కంటికి ముందు అదే తగులుతుంది. ఒకటి నిండుగా మూసుకుంటుంది, ఒకటి పైన సందు వదులుతుంది, ఒకటి కొస దాటి లోపలికి వస్తుంది, ఒకటి కాస్త కోలగా ఉంటుంది.

రూపాల మధ్య తేడా ఎంత? అడుగు గీత నుంచి 8 యూనిట్లు పైకో కిందకో, వంపు డిగ్రీన్నర, వెడల్పులో 3 శాతం. అంతకు మించితే అది రాతలా ఉండదు, వేషంలా ఉంటుంది.

నియమం ఇలా నడుస్తుంది. ఒక ‘ల’ వచ్చాక నాలుగు ఆకారాల లోపు ఇంకో ‘ల’ వస్తే దానికి రెండో రూపం. దాని వెనకే మరొకటి వస్తే మూడో రూపం. లెక్కలో ఒత్తులను దాటేయమని గుర్తు పెట్టాలి, లేకపోతే ‘పిల్లలు’లో ల ఒత్తు కూడా లెక్కలో పడి గొలుసు తెగుతుంది. ఇది ‘క్యాల్ట్’ ఫీచరులోనే ఉండాలి. పైగుర్తులు, కిందిగుర్తులు అమర్చే ఫీచర్లలో పెడితే పనిచేయదు. అక్షరాలను కూర్చే ఇంజను హార్ఫ్‌బజ్ వాటిని ఒక్కో అక్షర సముదాయం లోపలే నడుపుతుంది, పక్క అక్షరం వాటికి కనబడదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీసు అన్నీ హార్ఫ్‌బజ్ మీదే ఆధారపడతాయి కాబట్టి పరీక్ష కూడా ముందు దాని మీదే.

అక్షర కూర్పు పరీక్షలు

ప్రతి ఎగుమతి తర్వాత హార్ఫ్‌బజ్‌తో వచ్చే పరీక్ష పరికరం హెచ్‌బి-షేప్‌తో మాటల పట్టీ నడిపి, వచ్చిన ఆకారాల పేర్లను పాత ఫలితంతో పోల్చడం అలవాటు చేశాం. కంటితో చూస్తే దాటిపోయేవి ఇందులో పట్టుబడతాయి.

ఐత్వం: ‘కై’ని కూర్చేటప్పుడు ఇంజను ై ని ఎత్వంగా, కింది ఐత్వ గుర్తుగా (యూనికోడ్ 0సి56) విడదీస్తుంది. ఆ కింది గుర్తు ఫాంటులో లేకపోతే అక్కడ డబ్బా కనబడుతుంది. ై ఒక్కటి గీసి పని అయిపోయిందనుకోవడానికి లేదు.

కనబడని అడ్డుగుర్తు (200సి): ‘సాఫ్ట్‌వేర్’లో ట పొల్లు తర్వాత అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మెనూల్లో, బోర్డుల్లో ఇంగ్లిషు మాటలే ఎక్కువ కాబట్టి పొల్లు రూపాలు 36కీ శ్రద్ధగా గీయాలి. వెబ్ కోసం ఫాంటును చిన్నది చేసేటప్పుడు 200సి, దాని జోడీ అతుకుగుర్తు 200డి, చుక్కల వలయం 25సిసి మూడింటినీ ఉంచమని చెప్పాలి. తెలుగు గడి 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఇస్తే సరిపోతుందనుకుంటే ఇవి జారిపోతాయి.

క్ష అఖండంగా (విడదీయని ఒకే ఆకారంగా), మిగతా ఒత్తులు ‘పొల్లు, ఆపై హల్లు’ వరుసలో రాసుకోవాలి. ఫాంటులో తెలుగు నియమాలు రాసే కొత్త పద్ధతి ‘టెల్2’ వరుస అదే; పాతదాంట్లో హల్లు ముందు, పొల్లు తర్వాత. పాత పాఠాలు చూసి రాస్తే ఒత్తులు ఒక్కటీ ఏర్పడవు. వలపలగిలక (అక్షరం కుడి పక్కన రాసే ర పొల్లు గుర్తు) పెట్టలేదు. అది పాత అచ్చు పుస్తకాల సొగసు, చీటీ రాతలో దానికి చోటు లేదు.

ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, రూపాయి గుర్తు, అర, పావు భిన్నాలు త్వరగా అయిపోయాయి. అంకెల ఎత్తు 560. తెలుగు సున్నా అంకెను అనుస్వారం కంటే ఒకటిన్నర రెట్లు పెద్దది చేశాం.

కన్నడ పక్కన

బెంగళూరులో తెలుగు బోర్డు ఒంటరిగా ఉండదు. కన్నడ జోడీ గీయడానికి చాలా అక్షరాల మొండేలు తెలుగువే పనికొస్తాయి: గ, ర, ల, ద, బ, ణ. క, త, శ పూర్తిగా వేరు, మొదటి నుంచి గీయాలి. మన తలకట్టు టిక్కు గుర్తు, వాళ్లది అడ్డంగా సాగే గీత. అడ్డగీత పంక్తికి బరువు తెస్తుంది. కన్నడను 50 యూనిట్ల గీతతో, తెలుగును 52తో గీస్తే పక్కపక్కన సమానంగా కనబడతాయి.

వాడకంలో తేలినవి

వినైల్ స్టిక్కరు: గీత 2 మి.మీ. కంటే సన్నమైతే అనవసరపు భాగం పీకేటప్పుడు అక్షరం కూడా లేచి వస్తుంది. 52 యూనిట్ల గీతకు 2 మి.మీ. రావాలంటే అక్షరం ఒళ్లు కనీసం 20 మి.మీ. ఉండాలి. అంతకంటే చిన్న రాతకు లావు రకం వాడాలి, లేదా ఫ్లెక్స్ మీద అచ్చు వేయించాలి. కోత యంత్రానికి ఇచ్చే ఫైలులో ఆకారాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండకూడదు. ఎక్కిన చోట కత్తి అక్షరం మధ్యలోంచి కోస్తుంది. ఎగుమతిలో అతివ్యాప్తి తీసేయడం అందుకే.

కాగితం మీద 12 పాయింట్లకు గీత 0.22 మి.మీ. వస్తుంది, తెల్ల కాగితం మీద నల్ల సిరాకు ఢోకా లేదు. నల్ల నేల మీద తెల్ల అక్షరం అయితే సిరా లోపలికి పాకి ఒత్తులు మూసుకుపోతాయి. అక్కడ 72 యూనిట్ల రకమే వాడాలి. తెర మీద మామూలు మానిటరులో 20 పిక్సెళ్ల కంటే తగ్గితే గీత ఒక పిక్సెలుకు దిగుతుంది, బూడిదరంగులోకి మారుతుంది. ఫోన్లలో 14 వరకు నడుస్తుంది.

డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడు కాని పాత తరహా అను ఫాంట్ల టైపింగే ఎక్కువ. అందులో కొట్టిన మేటరుకు ఈ ఫాంటు తగిలిస్తే చెత్త అక్షరాలు వస్తాయి, ముందు యూనికోడులోకి మార్చాలి. మార్చాక పొల్లు ఉన్న మాటలు, క్ష ఉన్న మాటలు ఒకసారి చదువుకోవాలి. ఇన్‌డిజైన్‌లో పేరాకు వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. యూనికోడు తెలియని పాత పేజ్‌మేకరు దగ్గర వాదించి లాభం లేదు. వేరేచోట కూర్చి, అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇచ్చేయడమే.

పచ్చడి సీసా మీద పేరుకు, ‘ఇంటి ఆవకాయ’ లాంటి మాటకు ఈ రాత బాగుంటుంది. పదార్థాల జాబితా, తేదీలు, బరువు మామూలు నిటారు ఫాంటులోనే వేయాలి. మందుల మోతాదులకు, దరఖాస్తులకు, కాంట్రాక్టులకు వాడొద్దు. కొట్టుకు రాసే చీటీలో 1, 7 తారుమారైతే మళ్లీ అడగొచ్చు, మందు సీసా మీద అడిగేవాళ్లుండరు. మాటల బుడగలకు 1.25 పంక్తి ఎత్తును 1.15కి తగ్గించవచ్చు, అయితే పై పంక్తి ఒత్తు, కింది పంక్తి గుడిదీర్ఘం ఎదురెదురు పడ్డాయేమో చూసుకోవాలి.

మిగిలిన పని

లావు రకంలో ఘ, ఝ, ఞ లోపలి సందులు మూసుకుంటున్నాయి. వీటి ఒంటి వెడల్పు 6 శాతం పెంచి మళ్లీ గీయాలి. ‘జ్యోత్స్న’లో న ఒత్తు తర్వాతి అక్షరం కిందికి పోతోంది, డిస్ట్ నియమానికి రెండు ఒత్తుల సందర్భం చేర్చాలి. తర్వాత ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ 1.1 ఫైలు జత చేసి, నడిమిదారుల మూల ఫైళ్లతో సహా బయటపెట్టడం.